గనుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: క్వారీ కార్మికుడి ఊపిరినీ క్రషర్ డీజిలునూ ఒకే షరతులో చేర్చండి

గౌరవనీయులైన కర్ణాటక గనులు, భూవిజ్ఞాన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. బెంగళూరులో భవన నిర్మాణ పనులు చేయించే తెలుగు ఇంజినీరును. ఈ నగరానికి కంకర, ఎం-శాండ్ (రాతిని నలిపి చేసే ఇసుక) అందించే చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల రాతి క్వారీలకు పని మీద వెళుతుంటాను. అక్కడ బండలు కొట్టేవారిలో తెలుగు కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. వారి భద్రత ఒక కార్యాలయం పని, కర్బన ఉద్గారాలు మరో కార్యాలయం పని అన్నట్టు వ్యవహారం నడుస్తోంది. క్వారీలో నిలబడి చూస్తే ఈ రెండు సమస్యలూ చాలావరకు ఒకే యంత్రం దగ్గర మొదలవుతున్నాయి కనుక, లీజు షరతుల్లో రెండింటినీ కలిపి చేర్చమని కోరుతున్నాను.

జాక్‌హామర్ పట్టిన మనిషి ముఖానికి తువ్వాలు చుట్టుకుని రాతికి రంధ్రం వేస్తుంటాడు. లేచిన తెల్లటి పొడి అతని కనురెప్పల మీద పేరుకుంటుంది. జాక్‌హామర్‌కు గాలి నొక్కి పంపే డీజిల్ కంప్రెసర్ పక్కనే ఉంటుంది, దాని పొగ కూడా అతని మీదికే వస్తుంది. గ్రానైట్ పొడిలో ఉండే సిలికా తువ్వాలుకు ఆగదు. ఏళ్ళ తరబడి పీల్చినవారికి వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. నీరు పోస్తూ రంధ్రం వేస్తే పొడి చాలావరకు అక్కడే అణిగిపోతుంది. ఇది కొత్త విద్య కాదు. ట్యాంకర్ నీటికి డబ్బు పెట్టాలి కాబట్టే మానేస్తున్నారు.

కరెంటు సంగతికి వస్తే, ఈ రాష్ట్రానికి ఉన్న చరిత్ర గర్వించదగినది. శివనసముద్రంలో పుట్టిన జలవిద్యుత్తు 1902లోనే దాదాపు 147 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. అలాంటి చోట నేటికీ రాతిని కంకరగా నలిపే క్రషర్లు డీజిల్ జనరేటర్ల మీద నడవడం నాకు బాధ కలిగిస్తుంది.

లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లీటరుతో జనరేటర్ ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు, అంటే యూనిట్‌కు ఇంచుమించు 0.8 కిలోలు. దేశంలో గ్రిడ్ కరెంటు సగటు యూనిట్‌కు 0.7 కిలోల దరిదాపుల్లో ఉంటుంది గనుక, ఆ ఒక్క లెక్కే చూస్తే తేడా స్వల్పమేనని ఎవరైనా అనవచ్చు. అయితే మన రాష్ట్రంలో 2,050 మెగావాట్ల సామర్థ్యమున్న పావగడ సౌర పార్కు ఉంది, క్వారీ పని జరిగేదీ ప్రధానంగా పగటిపూటే. సూర్యరశ్మి ఉన్న వేళ కరెంటు వాడే పరిశ్రమకు ఇంతకన్నా అనువైన రాష్ట్రం అరుదు. పైగా, గ్రిడ్‌కు మారిన రోజు నుంచే కార్మికుడి పక్కన పొగ ఉండదు.

క్వారీల్లో బండలు పగలగొట్టడానికి వాడే పేలుడు పదార్థాల విషయం వేరుగా చెప్పాలి. 2021 జనవరిలో శివమొగ్గ దగ్గర హుణసోడులోనూ, ఫిబ్రవరిలో చిక్కబళ్లాపురం దగ్గర హిరేనాగవల్లిలోనూ జరిగిన పేలుళ్ళు మీకు తెలిసినవే. హిరేనాగవల్లిలో ఆరుగురు చనిపోయారు. గనుల భద్రత బాధ్యత కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న డైరెక్టరేట్‌దే అయినా, లీజు ఇచ్చేది, రాయల్టీ తీసుకునేది ఖనిజ భవన్ (మీ శాఖ కార్యాలయం) కాబట్టి రాష్ట్రం తప్పుకోవడానికి వీలులేదు.

కొత్త లీజుకైనా, పునరుద్ధరణకైనా క్రషర్‌కూ కంప్రెసర్‌కూ విద్యుత్ కనెక్షన్, నీటితో డ్రిల్లింగ్ తప్పనిసరి చేయండి. లైను, స్తంభాల ఖర్చు చిన్న యజమానులకు భారమన్నది నిజమే. ఒకే గుట్ట చుట్టూ ఉన్న క్వారీలకు విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం ఉమ్మడి లైను వేస్తే ఆ భారం పంచుకోవచ్చు. గనుల నియమాల ప్రకారం నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్ష జరగాలి, కానీ కూలీలు క్వారీలు మారుతుంటారు, జబ్బు బయటపడేది చాలా ఏళ్ళకు. ఛాతీ ఎక్స్‌రే, పనిచేసిన చోట్ల వివరాలు ఉన్న కార్డు కార్మికుడి చేతిలోనే ఉండకపోతే, రేపు పరిహారం అడగడానికి అతని దగ్గర ఆధారం ఉండదు.

చివరిగా, కంకరకు పెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వమే ఒకటి. ఈ షరతులు పాటించిన క్వారీల సరుకునే రోడ్లు, ప్రభుత్వ భవనాల టెండర్లలో అనుమతించేలా ప్రజాపనుల శాఖతో మాట్లాడి ఉత్తర్వు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సివిల్ ఇంజినీరు, బెంగళూరు