దత్తత ఉత్తర్వు వచ్చింది, అందరికీ థాంక్స్

మొన్న కలెక్టర్ ఆఫీసు నుంచి దత్తత ఉత్తర్వు చేతికొచ్చింది. ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా కొంతకాలం ఇంట్లో ఉంచుకుని పెంచే ఏర్పాటు కింద, మా ఇంటికి వచ్చిన పిల్ల ఇప్పుడు చట్టప్రకారం కూడా మా అమ్మాయే. కొందరికి ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్లు నేరుగా మీకే చెప్పినట్టు అనుకోండి.

మొదట థాంక్స్ చెప్పాల్సింది పాప పెరిగిన పిల్లల సంరక్షణ హోమ్‌లోని ఆయాకి. పాపను తీసుకొచ్చే రోజు ఆమె నా చేతిలో ఒక కాగితం పెట్టారు. రాత్రి లైటు ఆర్పొద్దు. ఆకలేసినా నోరు తెరిచి అడగదు, మీరే కనిపెట్టాలి. జడ వేసేముందు చెప్పండి, వెనకనుంచి వచ్చి జుట్టు పట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి: సరదాకి కూడా మళ్లీ హోమ్‌కి పంపించేస్తామని అనొద్దు. అల్లరి పిల్లల్ని హాస్టల్లో పడేస్తామని బెదిరించడం మనకు మామూలే కదా! ఆ కాగితం ఫ్రిజ్‌కి అతికించాం. ఇంటికొచ్చిన చుట్టాలకు మా అత్తయ్య గుమ్మంలోనే ఆ చివరి మాట అప్పజెప్పి లోపలికి రానిచ్చేవారు. అత్తయ్యా, మీకు ఎదురుగా థాంక్స్ చెబితే కోప్పడతారు, అందుకే ఇక్కడ చెప్పేస్తున్నా.

జిల్లా బాలల సంరక్షణ విభాగంలోని సోషల్ వర్కర్ మేడమ్ మాతో ఏదీ దాచలేదు. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదని, పాపను సొంతవాళ్ల దగ్గరికి పంపే వీలు కుదిరితే పంపాల్సి ఉంటుందని ముందే చెప్పారు. ఆ రోజు కాస్త గట్టిగా మాట్లాడారనిపించింది గానీ, అలా చెప్పేవాళ్లు ఉండబట్టే నిలదొక్కుకున్నాం.

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీవాళ్లు మమ్మల్ని బయట కూర్చోబెట్టి పాపతో విడిగా మాట్లాడారు. అబ్బో, ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. కానీ పద్ధతి అదే. మాతో ఉండటం ఇష్టమో కాదో చెప్పాల్సింది తనే.

క్లాస్ టీచర్ గారికి కూడా. పిల్లలందరికీ ఇచ్చే ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టును ‘నాకు దగ్గరివాళ్లు’ అని మార్చేశారు, అదీ క్లాసు మొత్తానికి, మా పాప ఒక్కదానికే అని తెలియకుండా. మా పాప బొమ్మలో ఆయా అందరికన్నా పెద్దగా ఉంది. నేను ఓ మూలన ఉన్నాను. ఫర్లేదు.

తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇదీ చెబుతాను. దత్తత అనగానే అందరూ నెలల పసికందు కోసమే చూస్తారు, కాస్త పెద్ద పిల్లలు హోమ్‌లలోనే ఉండిపోతారు. 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లల్ని ఇలా ఇంటికి తెచ్చుకోవచ్చు. రెండేళ్లు కలిసి ఉన్నాక, ఆ బిడ్డను చట్టప్రకారం దత్తత ఇవ్వడానికి వీలుంటే, తనకూ ఇష్టమైతే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరివాళ్లకూ ఇప్పుడు అవకాశం ఉంది, అయితే ఒంటరి మగవాళ్లకు మగపిల్లల్నే ఇస్తారు. దత్తత ఉత్తర్వు కోసం కోర్టు చుట్టూ తిరిగే పని కూడా లేదు, 2021లో చట్టం సవరించాక అది జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. వివరాలకు మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికే వెళ్లండి. మధ్యవర్తి నేను చూసుకుంటా అంటే మాత్రం నమ్మకండి.

పాప ఫొటో గానీ పేరు గానీ పెట్టడం లేదు, దయచేసి అడగొద్దు. తన కథ ఎవరికి ఎంత చెప్పాలో పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. ఈ పోస్టు కూడా తనకి చదివి వినిపించి, సరేనన్నాకే పెడుతున్నా. ఫ్యామిలీ ట్రీ సంగతి మాత్రం ఉంచమంది.