స్లిప్ టెస్టులోంచి మార్కులు తీసేసి చూడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా కాలేజీలో (పేరెందుకులెండి) ప్రతి సోమవారం స్లిప్ టెస్టు. మార్కులు తగ్గితే సాయంత్రానికల్లా ఇంటికి ఫోన్. ఆ ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం నుంచే పిల్లలకు టెన్షన్. రోజూ రాత్రి స్టడీ అవర్‌లో మాత్రం అదే పేజీని మళ్లీ మళ్లీ చదవడమే.

అప్పట్లో నాకు తెలియని ప్రయోగం ఒకటి చెబుతాను. 2006లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ సైకాలజిస్టులు రోడిగర్, కార్పికీ విద్యార్థులకు చిన్న పాఠం ఒకటి ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. రాసింది ఎవరూ దిద్దలేదు కూడా. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లు 83 శాతం చెప్పారు, రాసినవాళ్లు 71. వారం తర్వాత అంతా తారుమారైంది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61. తమాషా ఏమిటంటే, తమకే బాగా గుర్తుంటుందన్న ధీమా చదివినవాళ్లకే ఎక్కువ. మా స్టడీ అవర్‌లో పిల్లలదీ, కాపలా కూర్చున్న నాదీ అదే ధీమా.

అంటే స్లిప్ టెస్టు మంచిదే. దాన్ని మేం బెదిరింపుగా మార్చాం. చదివింది రోజులు గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో చూపే ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖను టెట్ కోసం బిట్టుగా చదివి, క్లాసులోకి రాగానే దాన్నే మరిచిపోయే జాతి మాది.

అయితే ఆ విద్యార్థులు చదివిందీ రాసిందీ ఇంగ్లిష్‌లోనే. మన పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ నిర్వచనం బట్టీ పట్టి, అర్థం మాత్రం తెలుగులో వెతుక్కుంటారు. వీళ్ల జ్ఞాపకం సంగతి మనవాళ్లే తేల్చాలి. తేల్చగలరు కూడా. 2013లో నిమ్స్‌కు చెందిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఆ బృందంలో ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అధ్యాపకులూ ఉన్నారు.

అందుకే అడుగుతున్నాను. ఉస్మానియా సైకాలజీ విభాగానికి ఐదారు గురుకుల జూనియర్ కాలేజీల్లో ఒక్క ఏడాది అనుమతి ఇవ్వండి. సగం సెక్షన్లలో స్టడీ అవర్ చివరి పదిహేను నిమిషాలు పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయిస్తారు. ఏ భాషలో రాసినా సరే. మార్కులు వేయరు, రిజిస్టర్‌లో ఎక్కించరు, ఇంటికి ఫోన్ చేయరు. మిగతా సెక్షన్లు మామూలుగానే చదువుకుంటాయి. నెల తర్వాత అందరికీ ఒకే పరీక్ష. తల్లిదండ్రుల అంగీకారం ముందే తీసుకోవాలి. ఖర్చంతా కలిపితే కాగితాలూ, ఇద్దరు ముగ్గురు రీసెర్చ్ స్కాలర్ల ఫెలోషిప్పులూ.

యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న సంగతి మీకు తెలియంది కాదు. పార్ట్‌టైమ్ వాళ్లతో ఏడాది పొడుగునా ప్రయోగం నడవదు.

తేడా ఏమీ కనిపించకపోతే ఆ మాటా బయటపెట్టించండి. కాగితాలు పంచడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్