పెద్ద మార్పు కోసం వచ్చే కస్టమర్లకు మా సెలూన్ మాట

"ఆయనకి పొట్టి జుట్టంటే ఇష్టమట", "తనకి ఈ ఫొటోలో ఉన్న కలరే కావాలట". కుర్చీలో కూర్చోగానే ఈ మాటలు తరచూ వింటుంటాం. మనసిచ్చిన మనిషి కోసం ముస్తాబవడంలో తప్పేముంది, మా వ్యాపారం నడిచేదే దాని మీద. కాకపోతే ఫొటో పంపినవాళ్ళకి మీ జుట్టు చరిత్ర తెలియదు, రేపటి నుంచి దాన్ని దువ్వుకోవాల్సింది మీరు. అందుకని పెద్ద మార్పులకు ఇకపై కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. వీటివల్ల కొన్ని అపాయింట్‌మెంట్లు చేజారతాయి. జారనివ్వండి.

ఎక్కువ పేచీ వచ్చేది కలర్ దగ్గరే. జుట్టు రంగుని 1 నుంచి 10 దాకా లెవెల్స్‌లో కొలుస్తారు. నల్లజుట్టు 1 లేదా 2, చాలామంది చూపించే యాష్ బ్లాండ్ (బూడిదఛాయ ఉన్న లేత బంగారురంగు) ఫొటో 9 లేదా 10. మధ్యలో బ్లీచ్ కింద జుట్టు ఎరుపు, నారింజ, పసుపు మీదుగా వెళ్ళి చివరికి అరటితొక్క లోపలివైపులా లేతపసుపు అవుతుంది. యాష్ టోనర్, అంటే బ్లీచ్ తర్వాత ఛాయ సరిదిద్దే రంగు, అందంగా కూర్చునేది ఆ చివరి మెట్టు మీద మాత్రమే. నారింజ దగ్గర ఆపేసి పైన యాష్ వేస్తే వచ్చేది మట్టిరంగు. అలాగని ఒక్క సిట్టింగ్‌లో అంత దూరం లాగితే జుట్టు మిగలదు. ఒకసారికి మూడు, నాలుగు లెవెల్స్ దాటం. తర్వాతి సిట్టింగ్‌కి కనీసం రెండు వారాల గడువు. తల వేడికి కుదుళ్ళ దగ్గర బ్లీచ్ తొందరగా పనిచేస్తుంది కాబట్టి మొదట పొడవుకి పట్టించి, కుదుళ్ళకి ఆఖర్న, అదీ 6 శాతం దాటని డెవలపర్‌తోనే (బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) పెడతాం. ఆలస్యమవుతోందని విసుక్కోకండి.

ఇంతకుముందే డై వేసిన జుట్టైతే ఇంకో చిక్కు. డై మీద లేత డై వేస్తే జుట్టు లేతబడదు, పాత రంగుని బ్లీచ్‌తోనే తీయాలి. గోరింటాకు పొడి వాడినవాళ్ళు తప్పకుండా చెప్పండి. స్వచ్ఛమైన ఆకుతో అంత భయం లేదు గానీ, నల్లగా పండుతుందని అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. వాటికి పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి, పొగలొచ్చి, తెగిపోవచ్చు. అందుకే నాలుగు వెంట్రుకలు కత్తిరించి, 30 మిల్లీలీటర్ల 6 శాతం పెరాక్సైడ్‌లో 20 చుక్కల అమోనియా కలిపి అరగంట నానబెట్టి చూస్తాం. వేడెక్కినా, బుడగలొచ్చినా, రంగు ఉన్నట్టుండి మారినా ఆ జుట్టుకి బ్లీచ్ లేదు. ఇది ఇంట్లో చేసే పని కాదు, మాకు వదిలేయండి.

ఇక, నెల తిరక్కుండానే "తనకి నచ్చలేదట, మళ్ళీ నలుపు చేసేయండి" అనే మాట. బ్లీచ్ అయిన జుట్టులో సహజమైన ఎరుపు, పసుపు ఛాయలు చాలావరకు ఉండవు. దాని మీద నేరుగా గోధుమరంగు వేస్తే ఆకుపచ్చగా తేలుతుంది, కొన్ని వాష్‌లకే వెలిసిపోతుంది. ముందు రాగి, బంగారు ఛాయలు నింపి, ఆ తర్వాతే ముదురు రంగు వేయాలి. అంటే వెనక్కి రావడం కూడా రెండు దశల పనే, బిల్లు కూడా రెండు దశలకే.

కటింగ్ విషయంలో లెక్క సులువు. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు, ఏడాదికి 15 పెరుగుతుంది. కనుబొమల దాకా కత్తిరించిన ఫ్రింజ్ గడ్డం దాకా రావాలంటే ఏడాది దాకా పడుతుంది. నడుము దాకా ఉన్న జడ ఒకేసారి భుజాల మీదికి కావాలంటే మొదట సగమే తీస్తాం. రెండు వారాలు తిరిగి చూసుకున్నాక మిగతాది. ఉంగరాల జుట్టు తడిగా ఉన్నప్పుడు గడ్డం దాకా ఉన్నా, ఆరితే చెవి దగ్గరికి లేస్తుంది. కాబట్టి దాన్ని ఆరబెట్టే కొలుస్తాం. మధ్యలో వీడియో కాల్ పెట్టి "ఇంకాస్త తీయమంటున్నారు" అంటే కత్తెర ఆపేస్తాం. ఫోన్ పక్కన పెట్టి మీ నోటితో మీరే చెప్పాలి.

రీబాండింగ్ (ఉంగరాల జుట్టుని మందుతో నిటారుగా చేయడం): మందు జుట్టులోని సల్ఫర్ బంధాలు విప్పుతుంది, న్యూట్రలైజర్ వాటిని కొత్త ఆకారంలో కడుతుంది. బ్లీచ్ చేసిన జుట్టులో ఆ బంధాలు ముందే చాలా పోయి ఉంటాయి, అందుకే రెండూ ఒకే జుట్టుకి చేయం. అనుమానముంటే తడి వెంట్రుకని మెల్లగా లాగి చూస్తాం. సాగి వెనక్కి వస్తే సరే, జిగురులా సాగి తెగితే వద్దు. మూడు నెలలకి కుదుళ్ళ దగ్గర నాలుగు సెంటీమీటర్ల మేర అసలు ఉంగరాలు తేలతాయి, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వదిలే స్మూతనింగ్ మందులు మా దగ్గర ఉండవు, ఎవరడిగినా సరే.

గడ్డం తీయించుకునేవాళ్ళు ముందు 10, తర్వాత 6, తర్వాత 3 మిల్లీమీటర్ల ట్రిమ్మర్ గార్డుతో దిగండి. ఏ మెట్టు దగ్గరైనా ఆగొచ్చు.

ఊరికే చూపించి అభిప్రాయం తెలుసుకోవాలంటే క్లిప్ ఎక్స్‌టెన్షన్లు, విగ్గులు పెట్టి చూపిస్తాం. నాలుగు వాష్‌లలో పోయే కలర్ నల్లజుట్టు మీద ఎండలో కాస్త మెరుస్తుందంతే, దానితో తీర్పు చెప్పించుకోకండి.

కలర్‌కి 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ (కొంచెం డై రాసి పడుతుందో లేదో చూడటం) తప్పనిసరి. నల్ల గోరింటాకు టాటూ వేయించుకుని ఎప్పుడైనా దద్దుర్లు వచ్చి ఉంటే ఆ టెస్ట్ రోజే చెప్పండి, డైలో ఉండే పీపీడీ అనే రసాయనం దానికి కారణం కావచ్చు. బ్లీచ్ రోజున తలస్నానం చేసి రాకండి. గత రెండేళ్ళలో జుట్టుకి ఏమేం పెట్టారో గుర్తున్నంత రాసుకుని రండి, ప్యాకెట్ ఉంటే అదీ తెండి.