వార్షిక నివేదిక: అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న గర్భిణుల కోసం ఈ ఏడు చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం వెచ్చించింది ఒకే పని మీద: గర్భం రాగానే కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) మందులు ఆపేయకుండా చూడటం. గర్భమని తేలిన రోజే ఇంట్లో పెద్దవాళ్లు "ఇక ఆ గోళీలు బంద్ చెయ్" అంటారు. ప్రేమకొద్దీ అనే మాటే. కానీ బిడ్డకు పెద్ద ముప్పు అదుపు తప్పిన జబ్బు వల్లే. పెద్దపేగులో వాపు రేగి ఉంటే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతాయి. అందుకే మే 19, ప్రపంచ ఐబీడీ (పేగుల్లో దీర్ఘకాలిక వాపు జబ్బులు) దినం నాటి సమావేశానికి తల్లులనూ అత్తలనూ కూడా పిలిచాం.

కనీసం 3 నుంచి 6 నెలలు, స్టెరాయిడ్లు లేకుండా జబ్బు అణిగి ఉన్నాకే గర్భానికి ప్రయత్నించమని చెప్పాం. అలాంటివాళ్లలో సుమారు మూడో వంతు మందికి గర్భంలో జబ్బు తిరగబెడుతుంది; గర్భం లేనప్పుడూ అంతే. రేగి ఉన్నప్పుడు గర్భం వస్తే మాత్రం మూడింట రెండొంతుల మందిలో అది తగ్గదు, లేదా ఇంకా ముదురుతుంది.

మందుల సంగతి. మెసలమైన్ మాత్రలు, సపోజిటరీలు, ఎనిమాలు కొనసాగించవచ్చు. కొన్ని మాత్రల పైపూతలో డైబ్యూటైల్ థాలేట్ అనే, బిడ్డకు హాని చేయవచ్చన్న అనుమానం ఉన్న రసాయనం వాడేవారు. అది లేని రకమేనా అని డాక్టర్‌ను అడగండి. సల్ఫాసలజీన్ వల్ల ఒంటికి ఫోలేట్ సరిగా అందదు కాబట్టి రోజుకు 2 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావాలి. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో ఉండేది 500 మైక్రోగ్రాములే, దాంతో సరిపెట్టుకోవద్దు. జబ్బు భర్తకు ఉండి ఆయన సల్ఫాసలజీన్ వాడుతుంటే వీర్యకణాలు తగ్గుతాయి. మందు మార్చాక రెండు మూడు నెలల్లో మామూలవుతాయి. అజథయోప్రిన్ ముందునుంచీ పడుతుంటే ఆపనక్కర్లేదు, గర్భంలో కొత్తగా మాత్రం మొదలుపెట్టరు. మెథోట్రెక్సేట్ కనీసం 3 నెలల ముందే మానాలి. టోఫాసిటినిబ్ చవకగా దొరుకుతోందని మన దగ్గర చాలామంది వాడుతున్నారు; గర్భానికి కనీసం 4 వారాల ముందు డాక్టర్ సలహాతో వేరే మందుకు మారాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా ఇంకా వాడుతుండగా గర్భం వస్తే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

రక్తవిరేచనాలు మళ్లీ మొదలైతే ముందు మలపరీక్ష. అమీబా, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ లాంటి ఇన్ఫెక్షన్లు అచ్చం కొలైటిస్‌లాగే కనిపిస్తాయి, వాటికి మందు వేరు. గర్భంలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) దానంతటదే పెరుగుతుంది, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ తగ్గుతాయి. ఆ అంకెలు చూసి జబ్బు ముదిరిందనుకోవద్దు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) పరీక్ష మీద ఎక్కువ భరోసా పెట్టవచ్చు. తప్పనిసరైతే మత్తు లేకుండా సిగ్మాయిడోస్కోపీ (పెద్దపేగు చివరి భాగాన్ని గొట్టంతో చూసే పరీక్ష) ఏ నెలలోనైనా చేస్తారు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే షుగర్ పరీక్షలు తరచుగా చేయించుకోవాలి. నొప్పికి పారాసిటమాల్ వాడండి; డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రం వద్దు. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోవద్దు, తీవ్రమైన దశలో అది పెద్దపేగు ఉబ్బిపోయే స్థితికి దారితీయగలదు. ఒక కాలు వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయకండి. గర్భం, కొలైటిస్ రెండూ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచేవే.

ఏడో నెలలో పుట్టింటికి పంపడం మన ఆచారం. గాడి తప్పేది ఎక్కువగా అక్కడే. హైదరాబాద్‌లో చూసే డాక్టర్ ఒకరు, నల్లగొండలోనో కరీంనగర్‌లోనో పురుడు పోసే డాక్టర్ మరొకరు. మధ్యలో ఇన్ఫ్లిక్సిమాబ్ (జీవకణాల నుంచి తయారుచేసే బయోలాజిక్ మందు) డోసు తేదీ దాటిపోతుంది. అందుకని ఒక పేజీ చికిత్స పత్రం తయారుచేసి పంచాం. మందు పేరు, మోతాదు, చివరి డోసు తేదీ, తర్వాతి డోసు తేదీ రాసి మాతా శిశు సంరక్షణ కార్డుకు పిన్ చేయాలి. అదే కోవకు చెందిన అడాలిముమాబ్ ఇంజెక్షన్ తీసుకెళ్లేవాళ్లు దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐస్ ప్యాక్‌కు నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుంది, మధ్యలో గుడ్డ చుట్టండి.

ఆ పత్రం కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "తల్లి బయోలాజిక్ మందు వాడింది, బీసీజీ ఇప్పుడే వేయవద్దు." చివరి మూడు నెలల్లో ఈ మందు మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరి నెలల తరబడి ఉంటుంది. బీసీజీ అనే క్షయ టీకాలో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులు. మన ఆసుపత్రుల్లో దాన్ని పుట్టిన రోజుల్లోనే వేసేస్తారు కాబట్టి లేబర్ రూమ్‌లోనే చెప్పాలి. కనీసం 6 నెలలు, కొందరు డాక్టర్లు ఏడాది దాకా ఆపమంటారు. నోటి చుక్కల పోలియో, రోటా టీకాల గురించి పిల్లల డాక్టర్‌ను అడగండి. మిగతా టీకాలు యథాప్రకారం.

కొలైటిస్ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. పెద్దపేగు తీసి పౌచ్ (చిన్నపేగుతో లోపల చేసే సంచి) పెట్టించుకున్నవాళ్లు మాత్రం సర్జన్‌తో ముందే మాట్లాడుకోవాలి. మెసలమైన్, అజథయోప్రిన్, బయోలాజిక్ మందులు వాడుతూ పాలివ్వచ్చు. మెథోట్రెక్సేట్, టోఫాసిటినిబ్‌లతో కుదరదు. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి, నెయ్యి, మందుకారాలు దట్టించకుండా, జబ్బు రేగి ఉంటే మెత్తటి అన్నం, పెరుగు సరిపడితే పెరుగు, ఉడికించిన గుడ్డు, పలచటి పప్పుకట్టు పెట్టమని అత్తలకూ తల్లులకూ విడిగా చెప్పాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది చికిత్స పత్రాన్ని ఉర్దూలో కూడా అచ్చువేసి, పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆసుపత్రులకు అందించాలని కార్యవర్గం తీర్మానించింది. అనువాదం సరిచూడగల సభ్యులు కార్యదర్శికి పేరు ఇవ్వండి.