మిర్చి శాంపిల్ డైజెషన్ (లోహాలు కొలవడానికి యాసిడ్‌లో కరిగించడం) గురించి
అందరికీ నమస్కారం. నిన్న గుంటూరు మిర్చి పొడి మళ్లీ పొంగి వెసెల్ మూత దాకా వచ్చింది. తప్పు నాదే, తొందరపడి 1 గ్రాము వేశాను. కారంలో నూనె ఎక్కువ కదా, నైట్రిక్ యాసిడ్‌తో ఒక్కసారిగా గ్యాస్ వదులుతుంది. ఇకనుంచి 0.5 గ్రాము దాటొద్దు. యాసిడ్ పోసి, మూత వదులుగా పెట్టి, రాత్రంతా ఫ్యూమ్ హుడ్‌లో (పొగను బయటికి లాగేసే క్యాబినెట్‌లో) ఉంచండి. గోధుమ రంగు పొగ తగ్గాకే మెల్లగా వేడి పెంచండి. ద్రావణం ఇంకా పసుపుగా ఉంటే, బాగా చల్లారాక హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు చుక్కలుగా వేయండి. పెర్‌క్లోరిక్ యాసిడ్ జోలికి మాత్రం పోకండి, నూనెతో కలిస్తే పేలుతుంది! అడుగున తెల్లటి మడ్డి చూసి టెన్షన్ పడకండి, అది చాలావరకు ఇసుకే. కళ్లంలో ఎండిన కాయ మరి. వడకట్టేయండి. బ్లాంక్ (శాంపిల్ వేయకుండా ఇలాగే చేసిన ద్రావణం) కూడా వడకట్టడం మరవద్దు, ఫిల్టర్ పేపర్ నుంచీ లోహాలు రావచ్చు.