ఆరో తరగతి పిల్లలకు ముందు బడి చూపించండి

సంపాదకుడు గారికి,

ఈ జూన్ 12న మా మనవడు గోదావరి లంకలోని ప్రాథమిక బడి వదిలి, ఏటిగట్టు అవతల హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాడు. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు అరుగు మీద పడేసి దొడ్లోకి పరుగెత్తాడు. పొద్దున్నుంచీ ఉగ్గబట్టుకున్నాడట. బాత్‌రూమ్ ఎటుందో తెలియదు, అడగడానికి సిగ్గు. నీళ్ల సీసా కూడా నిండుగా అలాగే ఉంది.

ఇంకోటి విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి పీరియడ్ అయ్యి గంట కొట్టగానే వీడు పుస్తకాలు సర్దుకుని గేటు దాకా వెళ్లిపోయాడు. పాత బడిలో గంట కొట్టారంటే అన్నానికి, లేకపోతే ఇంటికి. ఒక్క మాస్టారే అన్నీ చెప్పేవారు. ఇక్కడ గంట మోగినప్పుడల్లా మాస్టారు మారతారు. పైగా హిందీ అక్షరాలు మొదలయ్యేది ఆరులోనే. గేటు దగ్గర పెద్ద పిల్లలు నవ్వారు. మర్నాడు కడుపునొప్పి అన్నాడు.

బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆవిడ మా గన్నవరం ప్రాంతపు తల్లే. వేళకాని వేళ వచ్చినా ఆకు వేసి వడ్డించేదని మా పెద్దలు చెప్పేవారు. ఆ భోజనం దగ్గరే మావాడు ఏ వరసలో నిలబడాలో తెలియక ఖాళీ ప్లేటుతో వెనక్కొచ్చేశాడు.

మాస్టార్లను తప్పుపట్టను. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, యాప్‌లో ఎక్కించే వివరాలు, ఆ వారం వాళ్లకు ఊపిరి సలపదు. కానీ తొమ్మిదో తరగతి చదివే పిల్లలున్నారు కదా! నాలుగో రోజు మా వీధి అమ్మాయి ఒకతె తనంతట తానే వీణ్ణి వెంటబెట్టుకెళ్లి, కొళాయి, బాత్‌రూమ్, భోజనం వరస అన్నీ చూపించింది. ఆ రోజు సీసా ఖాళీగా ఇంటికొచ్చింది. ఇదే పని బడివాళ్లే మొదటి రోజు నుంచి వారంపాటు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఆడపిల్లలకు మాత్రం ఓ మేడమ్ విడిగా చెప్పాలి.

ఇంకొక్క మాట. ఇప్పుడు పాయలో నీళ్లు లేవు కాబట్టి పిల్లలు నడిచే దాటుతున్నారు. వరదకు ఎర్రనీరొస్తే పడవే గతి, అది నిండితేగానీ కదలదు. ప్రేయర్‌కి అందలేదని లంక పిల్లల్ని బయట నిలబెట్టొద్దని, నీరు రాకముందే హెడ్‌మాస్టర్లందరికీ జిల్లా విద్యాశాఖ అధికారులు చెప్పాలని మనవి.

– ఓ తాతయ్య,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా