తూర్పు గ్యాలరీ గురించి క్రీడల మంత్రి గారికి ఒక తాపీ మేస్త్రి ఉత్తరం

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం నుంచి నమస్కారాలు. నేను తాపీ మేస్త్రిని. ముప్పై ఏళ్లుగా ఇదే పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది గానీ ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం ఆగలేదు. మా దగ్గర ఏటా సంక్రాంతి సెలవుల్లో జరిగే కప్పు పోటీలకు ఊహ తెలిసినప్పటి నుంచి వెళ్తున్నాను. ఆ మైదానం పేరు, నిర్వాహకుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎవరినో బజారుకీడ్చాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. ఫైనల్ ముక్కనుమ నాడు. ఇంకా ఐదు రోజులే ఉంది. ఆ లోపల ఈ నాలుగు మాటలు మీ చెవిన పడాలి, అంతే.

మొన్న ఆదివారం సెమీఫైనల్. పండక్కి మా వాళ్లంతా ఊళ్లకు వచ్చేశారు. మా జిల్లా సంగతి మీకు తెలియనిది కాదు. హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో ఎక్కడ ఏ బిల్డింగ్ లేస్తున్నా అక్కడ మా వాళ్లు ఇటుకలు మోస్తూ ఉంటారు. ఏడాది పొడవునా ఊరికి దూరంగా బతికేవాళ్లు ఈ నాలుగు రోజులు వస్తారు. అరిసెలు తింటారు, అరసవల్లి వెళ్లి దణ్ణం పెట్టుకుంటారు, సాయంత్రం మ్యాచ్ చూస్తారు. వాళ్లు కూర్చునేది తూర్పు గ్యాలరీలో. టికెట్ ముప్పై రూపాయలు. పడమర వైపు షామియానా కింద కుర్చీలుంటాయి, వాటికి నూట యాభై.

మేం వెళ్లేసరికి తూర్పు గేటుకి తాళం. గేటు మీద అంటించిన కాగితం మీద ‘భద్రతా కారణాల వల్ల గ్యాలరీ మూసివేయడమైనది’ అని ఉంది. కింద సంతకం లేదు, తేదీ లేదు, ఎటు వెళ్లాలో లేదు. టికెట్లేమో మూడు రోజుల ముందే అమ్మేశారు. మా వెనకాల ఒక పెద్దాయన టికెట్ చేత్తో పైకెత్తి పట్టుకుని, ‘ఏటి బాబూ, డబ్బులిచ్చి కొన్నాం కదా, ఇప్పుడెటెల్లమంటారు?’ అని అడుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పే మనిషే అక్కడ లేడు.

మంత్రి గారూ, ఆ గ్యాలరీ మూయడం తప్పని నేను అనను. నా వృత్తి ఇదే కాబట్టి కిందటేడే దాన్ని దగ్గర నుంచి చూశాను. గోడ మీద వెంట్రుక మందం బీటలుంటే భయపడక్కర్లేదు, అవి ఎక్కువగా ప్లాస్టరింగ్ బీటలే. ఉత్తరం వైపు మెట్ల కింద ఉన్నది అలాంటిది కాదు. అక్కడ స్లాబు అడుగున కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోయి కడ్డీ బయటపడింది. లోపలికి నీరు దిగి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది. ఉబ్బి, తనను పట్టుకున్న కాంక్రీటునే తోసేస్తుంది. పైన మాత్రం సున్నం వేసి, రంగు కొట్టి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గోల్ పడగానే అయిదారు వందల మంది ఒక్కసారి ఎగిరి గెంతితే ఆ మెట్ల మీద పడే బరువు, అదే మనుషులు కదలకుండా కూర్చున్నప్పటి బరువు ఒకటి కాదు. అందుకే ఈ మాట నిండు మనసుతో అంటున్నాను. మూసినవాళ్లు సరైన పనే చేశారు.

1985 మే 11న ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండ్ మ్యాచ్ నడుస్తుండగానే తగలబడి 56 మంది పోయారు. కుర్చీల కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. ఆ మ్యాచ్ తర్వాత స్టాండ్ బాగు చేయిద్దామనే అనుకున్నారు. ఆ ఒక్క మ్యాచ్ అయిపోనిద్దాం అనుకోవడమే కొంప ముంచింది.

నా బాధంతా మూసిన తర్వాత జరిగిన దాని గురించి. తూర్పు గ్యాలరీ జనాన్నంతా పడమర గేటుకి పొమ్మన్నారు. అక్కడ కుర్చీల టికెట్ల వాళ్లు ముందే బారు కట్టి ఉన్నారు. గేటుకి రెండు రెక్కలుంటే ఒకటే తీశారు. రెండు వైపులా సరుగుడు కర్రలతో దడి కట్టారు. లోపల విజిల్ వినపడేసరికి వెనక ఉన్నవాళ్లు మ్యాచ్ మొదలైపోయిందని తోసుకొచ్చారు. నాతో మా తమ్ముడి కూతురు ఉంది, తొమ్మిదేళ్ల గుంట. దాని చెప్పు ఊడిపోయింది. తీసుకుందామని అది కిందికి వంగబోతే రెక్క పట్టి లాగి భుజం మీదికి ఎక్కించుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు, నా కాళ్లు నేను చెప్పినట్టు నడవడం లేదని. జనం ఎటు ఊగితే నేనూ అటు ఊగుతున్నాను. పక్కనున్న సరుగుడు కర్ర ఒకటి ఫట్‌మని విరిగింది. నా తల గట్టిగా పట్టుకుని ‘పెదనాన్నా, నన్ను దించకు’ అంది ఆ పిల్ల. రోజూ ఇరవై అడుగుల పరంజా మీద నిలబడి పని చేసేవాణ్ణి. అంత టెన్షన్ నేను ఎప్పుడూ పడలేదు.

ఎవరో కుర్రాళ్లు దడి రెండో వైపు పీకేయబట్టి దారి దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు.

మీకు గుర్తుండే ఉంటుంది, 2025 నవంబరు 1న మా జిల్లాలోనే కాశీబుగ్గ గుడి దగ్గర ఏం జరిగిందో. కార్తీక ఏకాదశి, దేవుణ్ణి చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు, మెట్ల దగ్గర తొక్కిసలాట. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది పోయారు. అక్కడ ప్రాణాలు తీసింది స్టాండ్ కూలడం కాదు, గేటు దగ్గర నలిగిపోవడం.

ఫుట్‌బాల్ మనిషిగా నేను మర్చిపోలేనిది 1989 ఏప్రిల్ 15. ఇంగ్లండ్‌లోనే షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ల మధ్య ఎఫ్‌.ఎ. కప్ సెమీఫైనల్. మాదీ సెమీఫైనలే కాబట్టి ఆదివారం రాత్రంతా అదే కళ్ల ముందు ఆడింది. లివర్‌పూల్ వాళ్లకిచ్చిన వైపు గేట్లు తక్కువ, జనం ఎక్కువ. బయట ఒత్తిడి పెరిగిపోతోందని బయటకు వెళ్లే పెద్ద గేటు ఒకటి తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనపడింది ఒక సొరంగం లాంటి దారి. అది తీసుకెళ్లేది గోల్ వెనకాల, జనం నిలబడి చూసే చోటుని కంచెలతో విడగొట్టిన అరల్లో, అప్పటికే కిక్కిరిసిపోయిన మధ్య అరల్లోకి. అటూ ఇటూ పక్క అరల్లో ఖాళీ ఉంది. ఆ సొరంగం దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ‘ఇటు నిండింది, పక్కకు పొండి’ అని చెప్పించినవాళ్లు లేరు. 97 మంది పోయారు. తప్పంతా తాగి వచ్చిన అభిమానులదే అని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. అభిమానుల తప్పు లేదని 2016లో జ్యూరీ తేల్చి చెప్పేసరికి 27 ఏళ్లు గడిచిపోయాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో ఎందరో ఆ మాట వినకుండానే వెళ్లిపోయారు.

జనం ఎక్కువైతే మ్యాచ్ పెట్టకూడదని నా వాదన కాదు. 1997లో నేను పని మీద కలకత్తాలో ఉన్నాను. జూలై 13న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. ఒక లక్షా 31 వేల మంది వచ్చిన మ్యాచ్ అది. బైచుంగ్ భుటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. నేను పై అంతస్తులో, ఒక ముస్లిం మేస్త్రీకీ ఒక బెంగాలీ కుర్రాడికీ మధ్య ఇరుక్కుని చూశాను. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. మూడో గోల్‌కి ముగ్గురం కావలించుకున్నాం. ఆ స్టేడియంలోనే 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం కుర్చీలు బిగించి, లోపలికి వచ్చే జనాన్ని దాదాపు సగానికి తగ్గించారు. తగ్గించినా ఫైనల్‌కి 66 వేల మందికి పైగా చూశారు. ఎందుకు తగ్గిస్తున్నారో చెప్పి తగ్గిస్తే అభిమాని అర్థం చేసుకుంటాడు.

అందుకే నేను కోరేది ఇదండీ. ముక్కనుమ నాడు కూడా తూర్పు గ్యాలరీ మూసే ఉంచండి. జనం గోల చేశారని తాళం తీయించవద్దు. కానీ దేనికి మూశారో, ఎవరు పరీక్ష చేశారో ఇంజినీరు సంతకంతో ముందే కాగితం పెట్టించండి. ఆ గ్యాలరీ టికెట్లు ఎన్ని అమ్మారో లెక్క ఉంటుంది కదా, పడమర వైపు అంతమందికి చోటు లేకపోతే మిగతావాళ్లకు డబ్బు ఈ నాలుగు రోజుల్లోనే తిరిగి ఇప్పించండి. ముప్పై రూపాయలే కదా అనుకోవద్దు. కూలికి పోయేవాడు నలుగురు పిల్లలకు టికెట్లు కొన్నాడు. పడమర గేటు రెండు రెక్కలూ తీయించండి, దక్షిణం వైపు మూలన సామాన్ల లారీ కోసం వాడే గేటు ఉంది, దాన్నీ తెరిపించండి. సరుగుడు దడి పీకించేయండి. ప్రతి మలుపులో ఒక మనిషి, చేతిలో మైకు. హిల్స్‌బరోలో అంతమంది పోవడానికి ఆ ఒక్క మనిషి లేకపోవడమూ ఒక కారణం.

ఇంకొకటి. మూసిన గ్యాలరీ మూసినట్టే ఉండిపోతుందేమోనని మా అందరికీ భయం. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకునే జిల్లా మాది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి దేశానికి తొలి మహిళా పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగారు. మా పిల్లలకు ఆట కూర్చుని చూసే చోటు కూడా లేకపోతే ఆడాలన్న కోరిక ఎక్కణ్ణుంచి పుడుతుంది? పండగ అవ్వగానే కాంక్రీటు మీద కొట్టి దాని గట్టిదనం చూసే రీబౌండ్ హామర్‌తో ప్రతి స్తంభం, ప్రతి మెట్టు పరీక్ష చేయించండి. ఉత్తరం వైపు కొంత భాగం కొట్టేసి కట్టాల్సి వస్తుందని నా అంచనా, మిగతాది పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, మళ్లీ కాంక్రీటు వేస్తే నిలబడుతుందనిపిస్తోంది. తేల్చాల్సింది మాత్రం ఇంజినీర్లే.

మా మేస్త్రీలం పదకొండు మందిమి మాట్లాడుకున్నాం. సిమెంటు, ఇసుక, కడ్డీ మీరు ఇప్పించి, మీ ఇంజినీరు పక్కన నిలబడితే, పండగ సెలవులు అయ్యాక పది రోజులు కూలి తీసుకోకుండా పని చేస్తాం. ఆ తర్వాత ఎవరి రైలు వాళ్లు ఎక్కేస్తారు, కాబట్టి కబురు త్వరగా పంపండి.

ఇట్లు,
తూర్పు గ్యాలరీలో కూర్చునే ఒక తాపీ మేస్త్రి,
శ్రీకాకుళం